‘మాట వినదు’ అన్న అమ్మాయి: బోచీ ఆట కోర్టు దాకా ఒక కేస్ స్టడీ

2023 జూన్ నెలాఖరులో, హనుమకొండలో నేను పనిచేసే స్పెషల్ స్కూల్‌కు ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. అమ్మాయికి 16 ఏళ్లు. డౌన్ సిండ్రోమ్, దాంతోపాటు ఒక మోస్తరు మేధో వైకల్యం. బడిలో చేర్చడానికి రాలేదు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం జరిగే స్పెషల్ ఒలింపిక్స్ ప్రపంచ పోటీలు బెర్లిన్‌లో అప్పుడే ముగిశాయి, మన దేశం 202 పతకాలతో తిరిగొచ్చింది. ఆ వీడియో ఎవరో ఆమె ఫోన్‌కు పంపారు.

“మా పాప లాంటి పిల్లలే గద మేడం, విదేశం బోయి ఆడొచ్చిన్రు. మా పాపను గూడ చేర్పిస్తరా? కాకపోతే ఒక్కటి, అది మాట వినది.”

ఆ చివరి మాట అంతకుముందు వేరే చోట ఆమెకు చెప్పి పంపినదే. ఒక కోచింగ్ క్యాంపుకు తీసుకెళ్తే మూడో రోజున, “మాట వినడం నేర్చుకున్నాక తీసుకురండి” అన్నారట. ఆ తర్వాత రెండేళ్లు ఆ తల్లి ఎదురుచూసింది. మాట వినే రోజు రాలేదు. నేనూ ఆ రోజు ఫైల్లో ‘సూచనలు పాటించదు’ అని రాసుకున్నాను. ఆ వాక్యం దగ్గరికి మళ్లీ వస్తాను, ఈ కేసు మొత్తం దాని చుట్టే తిరిగింది.

రాసేముందు తల్లిదండ్రులకు దీన్ని చదివి వినిపించాను, వాళ్లు సరేనన్నారు. అమ్మాయికి ఫొటోలు చూపిస్తూ చెప్పాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఇల్లు

తండ్రి ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. తల్లి ఇంట్లోనే మిషన్ కుడుతుంది. తమ్ముడు ఎనిమిదో తరగతి. ఇంట్లో అమ్మమ్మ ఉంది. పగలంతా పాప ఆమె దగ్గరే. అందరూ ‘పాప’ అనే పిలుస్తారు. పదేళ్ల వరకు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రానికి వెళ్లింది, తర్వాత మానేసింది. మూడేళ్ల వయసులో గుండెలో రంధ్రానికి ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఏ పని చేయబోయినా “వద్దు బిడ్డా, గుండె” అనేవాళ్లు. పదమూడేళ్లుగా ఆ అమ్మాయి పెద్దగా పరుగెత్తింది లేదు, ఎత్తుకు మించి బరువు పెరిగింది.

తండ్రికి ఇష్టం లేదు. నలుగురూ నవ్వుతారని ఒక భయం. ఇంకో భయాన్ని రెండో నెలలో గానీ బయటపెట్టలేదు. “ఆటలాడుతున్నదని తెలిస్తే సదరంల పర్సంటేజీ తగ్గిస్తరు, పింఛను పోతది.” ఆ ఏడాదే పింఛను 4,016 రూపాయలు అయింది. ఆ ఇంటికి అది చిన్న డబ్బు కాదు. వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం బోర్డు చూసేది మేధో వైకల్యం స్థాయిని. బంతి వేయడం వల్ల, పరుగెత్తడం వల్ల ఆ శాతం మారదు. అయినా ఈ భయం నేను చాలా ఇళ్లలో చూశాను. అడిగితేగానీ చెప్పరు కాబట్టి ఇప్పుడు మొదటి మాటల్లోనే నేనే ఎత్తుతున్నాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటల్లో పాల్గొనడాన్ని హక్కుగానే చెప్పింది. 30వ సెక్షన్ మొత్తం దాని గురించే. ఆ పేజీ జిరాక్స్ తీసి తండ్రికి ఇచ్చాను. చదివాడో లేదో తెలియదు గానీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శరీరం చెప్పేవి

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్ని గ్రౌండ్‌లో దించే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటిని దాటేసి బంతి చేతికి ఇచ్చే కోచ్‌లను చూశాను, అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

మొదటిది గుండె. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. ఆపరేషన్ అయ్యిందంటే ఆటలు బంద్ అని కాదు, అలాగని అంతా బాగైపోయిందనీ కాదు. కార్డియాలజిస్టు దగ్గరికి పంపి కొత్తగా ఎకో (గుండె స్కాన్) తీయించాం. తేలికపాటి నుంచి ఒక మోస్తరు శ్రమ చేయొచ్చని రాసిచ్చారు. తల్లి ఆ కాగితాన్ని ఫ్రేమ్ కట్టిస్తానంది. పదమూడేళ్ల భయం పోవడానికి అలాంటి కాగితం కావాలి మరి.

రెండోది మెడ. మెడలోని మొదటి రెండు ఎముకల మధ్య కీలు ఈ పిల్లల్లో కొందరికి వదులుగా ఉంటుంది. వెన్నుపాము మీద ఒత్తిడి పడితే ప్రమాదం. ఒకప్పుడు ప్రతి ఒక్కరికీ మెడ ఎక్స్‌రే అడిగేవారు. ఇప్పుడు లక్షణాలే ముఖ్యం: నడక మారడం, చేతుల్లో బలం తగ్గడం, మెడ ఒక పక్కకు వంచి ఉంచడం, అంతకుముందు లేని విధంగా మూత్రం ఆపుకోలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆట ఆపి డాక్టర్ దగ్గరికి. ఈ అమ్మాయిలో ఏవీ లేవు. అయినా పిల్లిమొగ్గలు, తలతో బంతి కొట్టడం, తల ముందుగా నీళ్లలోకి దూకడం మా దగ్గర ఏ డౌన్ సిండ్రోమ్ పిల్లలతోనూ చేయించం.

మూడోది థైరాయిడ్. రక్తపరీక్షలో తక్కువగా ఉన్నట్టు తేలింది. మందు మొదలైన రెండు నెలలకు ఆమె పగటి నిద్ర తగ్గింది. అప్పటిదాకా ఇంట్లో అందరూ ‘బద్ధకం’ అన్నది అదే.

ఇక నాడి. 220 లోంచి వయసు తీసేసి గరిష్ఠ గుండె వేగం లెక్కగట్టడం జిమ్‌లలో మామూలే. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఆ లెక్క పనికిరాదు. వాళ్ల గరిష్ఠ వేగం చాలామందిలో నిమిషానికి 25, 30 దాకా తక్కువ. మామూలు లెక్కతో ‘ఇంకా పెంచు, ఇంకా పెంచు’ అంటే మనకు సగం శ్రమ అనిపించేది వాళ్లకు నిండు శ్రమ అవుతుంది. నేను లెక్క వేయడం మానేసి ముఖం రంగు, పెదాల రంగు, ఊపిరి చూస్తాను. నడుస్తూ నడుస్తూ బతుకమ్మ పాటలో ఒక చరణం ఉయ్యాలో దాకా పాడగలిగితే సరైన వేగం. మధ్యలో ఆగిపోతే నీళ్లు, నీడ.

పాదాలు చదునుగా, పొట్టిగా, వెడల్పుగా ఉన్నాయి. సైజు చూసి బజార్లో కొన్న బూట్లు పొడవు ఎక్కువై మడమ దగ్గర జారేవి. చివరికి వెడల్పు ముందు చూసి, వెల్‌క్రో పట్టీలున్న మగపిల్లల బూట్లు కొన్నాం. తనంతట తాను వేసుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ గ్రౌండ్‌లో వేరే పని పెట్టలేదు. ‘బూట్లు వేసుకో, గేటు దాకా నడువు, వచ్చి విప్పు.’ తల్లికి ఇది ఆట కాదనిపించింది. నా దృష్టిలో ఆమె ఆటల్లో చేరింది ఆ రోజుల్లోనే.

నేను చేసిన పొరపాటు

ఇంత చూసినదాన్ని, ఒక్కటి చూడలేదు. చెవులు చూడలేదు.

పరుగు ఎంచుకున్నాను. కారణం చెప్పాలంటే సిగ్గేస్తుంది: మా దగ్గర కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ ముందు పరుగులోనే పెడతాం. ట్రాక్ ఉంటుంది, సామాను అక్కర్లేదు, పోటీల్లో ఖాళీ దొరుకుతుంది. ఐదు నెలలు 50 మీటర్లు నడక, పరుగు కలిపి చేయించాను. నేను ముందు నడిస్తే వెనక వచ్చేది. పక్కన నిలబడి చెబితే సగం సార్లు కదిలేది కాదు. ఫైల్లో మళ్లీ అదే వాక్యం రాశాను.

డిసెంబర్ 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవానికి ముందు జిల్లాల్లో పోటీలు పెడతారు. ఆ ఏడు ఆమెను 50 మీటర్లలో నిలబెట్టాను. మైకులు, డీజే, స్వాగతోపన్యాసాలు. స్టార్టర్ ‘రెడీ’ అన్నాడు. చప్పుడైంది. పక్క లైన్ల పిల్లలంతా ఒక్కసారి ముందుకు దూసుకుపోయారు. ఆమె అటూ ఇటూ చూసి, గీత మీదే కూర్చుంది. రెండు చేతులతో బూట్ల పట్టీలు పట్టుకొని కూర్చుంది. ఒక వాలంటీర్ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టి పైకి లాగాడు, ఆమె అరిచింది. ఇది చదివే కోచ్‌లు, వాలంటీర్లు దయచేసి గుర్తుంచుకోండి: ఈ పిల్లల కీళ్లు వదులు. చెయ్యి పట్టి లాగితే భుజం జారొచ్చు. కింద కూర్చున్న పిల్లను లేపాలంటే మనం కూడా కింద కూర్చోవాలి.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏదో చెప్పాను. ఆమె నా ముఖం కాదు, నా పెదాలు చూస్తోంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

మాట వినదు అంటే

తెలుగులో ‘మాట వినదు’ అన్న మాటకు రెండు అర్థాలు. రెండేళ్లు ఒక తల్లి, ఆరు నెలలు నేను, అంతకుముందు ఒక క్యాంపు, అందరం ఒక అర్థంలోనే విన్నాం.

స్పెషల్ ఒలింపిక్స్‌లో 1997 నుంచి ‘హెల్తీ అథ్లెట్స్’ పేరుతో క్రీడాకారులకు ఉచితంగా కళ్లు, చెవులు, పళ్లు, పాదాలు పరీక్షించే పద్ధతి ఉంది. అది ఎందుకు పుట్టిందో నాకు 2024 జనవరిలో అర్థమైంది. ఒక శిబిరంలో చెవి పరీక్షకు కూర్చోబెడితే, మిషన్ పెట్టకముందే ఆడియాలజిస్టు లైటు వేసి చూసి ఆగిపోయింది. రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడి రాయిలా ఉంది. డౌన్ సిండ్రోమ్‌లో చెవి రంధ్రం సన్నగా ఉంటుంది, గులిమి దానంతట అది బయటికి రాదు. దాని వెనక కర్ణభేరి లోపలివైపు నీరు చేరడం కూడా వీళ్లలో మామూలే. ఈఎన్‌టీ డాక్టర్ వారం రోజులు చుక్కలు వేయించి, రెండు విడతల్లో గులిమి తీశారు. ఆ తర్వాత పరీక్షలో కుడి చెవి దాదాపు మామూలుగా ఉంది, ఎడమ చెవిలో కొంత తగ్గుదల మిగిలింది. ఏటా ఒకసారి పరీక్ష చేయించాలన్నారు. నిజానికి ఈ పిల్లలందరికీ ఏటా చేయించాల్సిందే. ఎవరూ చెప్పలేదు ఆ తల్లికి. నేనూ చెప్పలేదు.

గులిమి తీసిన సాయంత్రం ఇంట్లో కుక్కర్ విజిల్‌కు పాప ఉలిక్కిపడిందట. తల్లి ఫోన్ చేసి చెప్పి ఏడ్చింది. “ఇన్నొద్దులు దాన్ని కొట్టిన మేడం, ఇంటలేదని.” ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. “అక్కా, నేను గూడ తప్పు రాసిన” అన్నాను. మర్నాడు ఫైల్లో ఆ వాక్యం కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం చేశాను. కొట్టేసింది కనిపించేలాగే ఉంచాను.

చెవులు బాగుపడగానే అంతా మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పదేళ్లకు పైగా మాటలు సగం సగం విన్న పిల్లకు మాట మీద నమ్మకం ఉండదు. ఇప్పటికీ చూపించి చెబితేనే తొందరగా అందుకుంటుంది. అయితే నేను చేసే పని మారింది. ఎదురుగా, కుడివైపుగా నిలబడి మాట్లాడతాను. ఒకసారికి ఒకే మాట. చెప్పాక పది అంకెలు లెక్కపెట్టే దాకా మళ్లీ చెప్పను. తొందరపడి మళ్లీ చెబితే ఆమె మొదటినుంచి అర్థం చేసుకోవడం మొదలుపెడుతుంది.

గోటీలాట పెద్దక్క

పరుగు మాన్పించాం. బోచీ మొదలుపెట్టాం.

తెలియనివాళ్లకు రెండు మాటలు. 60 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు కోర్టు. ముందు ఒక చిన్న బంతి వేస్తారు, దాన్ని పల్లీనా అంటారు. రెండు పక్షాలకు చెరో నాలుగు పెద్ద బంతులు. ఎవరి బంతి చిన్న బంతికి దగ్గరగా ఆగితే వాళ్లకు పాయింటు. మొదటి రోజు పాప వెంట వచ్చిన అమ్మమ్మ కాసేపు చూసి, “గోటీలాటే గద ఇది” అంది. ఆ తర్వాత మేమంతా అదే పేరుతో పిలిచాం. అమ్మమ్మకు ఆట అర్థమవడం నాకు కలిసొచ్చింది. ఇంటి ముందు వాకిట్లో సాయంత్రం పూట తమ్ముడు, అక్క, మధ్యలో తీర్పు చెప్పే అమ్మమ్మ. నేను రాసిచ్చిన ఏ హోం ప్రోగ్రామ్‌ కన్నా అది బాగా నడిచింది.

అసలు బంతి వ్యాసం 107 మిల్లీమీటర్లు, బరువు కిలోకు కాస్త తక్కువ. పాప వేళ్లు పొట్టి, పట్టు వదులు. మొదటి నెల గుడ్డ బంతి, తర్వాత రబ్బరు బంతి, మూడో నెలలో అసలుది. పనిని ఏడు ముక్కలు చేశాను: బుట్టలోంచి బంతి తీయడం, పచ్చ చాప మీద రెండు కాళ్లు పెట్టడం, చిన్న బంతిని చూడటం, చెయ్యి వెనక్కి, మోకాలు వంచడం, వదలడం, వెళ్లి కుర్చీలో కూర్చోవడం. మొదట చెయ్యి పట్టి చేయించడం, తర్వాత చూపించడం, తర్వాత మాట, చివరికి ఏదీ లేకుండా. పట్టుకునే ముందు ప్రతిసారీ “పట్టుకోనా?” అని అడిగాను, ఆమె తలూపాకే ముట్టుకున్నాను. పదహారేళ్ల ఆడపిల్ల. తన ఒంటిని ముట్టుకోవడానికి ఎవరైనా అడగాలన్న సంగతి ఆమెకు గ్రౌండ్‌లో కూడా తెలియాలి.

ఆరో ముక్క దగ్గర ఇరవై రోజులు ఆగిపోయాం. బంతిని దొర్లించకుండా గాల్లోకి విసిరేది. ‘కింద, కింద’ అన్నా, చూపించినా అంతే. చివరికి రెండు కుర్చీల మధ్య మోకాలి ఎత్తులో చున్నీ కట్టాను. బంతి చున్నీ కింది నుంచి పోవాలి. మొదటి బంతి చున్నీకి తగిలి పడింది. ఆమె వంగి చున్నీ కింది నుంచి అవతలికి చూసింది, చిన్న బంతి కనిపించింది. రెండో బంతి చున్నీ కిందినుంచి పోయింది. వంద మాటలు చెప్పలేనిది ఒక చున్నీ చెప్పింది. నాలుగు రోజులకు దాన్ని తీసేశాం.

ఏడో ముక్క, కుర్చీలో కూర్చొని తన వంతు కోసం ఆగడం, అన్నిటికన్నా కష్టమైంది. ఈ ఒక్కదానికి తమ్ముడు పనికొచ్చాడు. తన వంతు బంతి వేసి, వచ్చి పక్క కుర్చీలో కూర్చొని, “అక్కా, నీ వంతు” అని భుజం తట్టేవాడు. ఆ తట్టు కోసం ఆమె ఆగడం నేర్చుకుంది. వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే జట్టుగా ఆడే యూనిఫైడ్ స్పోర్ట్స్ అనే పద్ధతి స్పెషల్ ఒలింపిక్స్‌లో ఉంది. వాడు పెద్దయ్యాక భాగస్వామిగా నిలబడతానంటున్నాడు.

కాగితాలు

చేర్చడంలో సగం పని ఇదే. కుటుంబాలు చాలా వరకు ఆగిపోయేదీ ఇక్కడే.

స్పెషల్ ఒలింపిక్స్ భారత్‌లో నమోదుకు మేధో వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ, వైద్య పరీక్షల ఫారం, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. 8 ఏళ్లు నిండితే పోటీల్లో ఆడొచ్చు. రెండు నుంచి ఏడేళ్ల చిన్నారులకు యంగ్ అథ్లెట్స్ అని వేరే కార్యక్రమం ఉంది. పై వయసు పరిమితి లేదు. నలభై ఏళ్ల కొడుకును తీసుకొచ్చి “ఇప్పుడేం ఆడుతడు లెండి” అనే తల్లులకు ఈ ఒక్క మాట ముందు చెబుతాను. పోటీ పడే స్థితిలో లేని తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు కూడా కదలికలు నేర్పే మోటార్ యాక్టివిటీ శిక్షణ ఉంది.

ఈ అమ్మాయి ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, సదరం సర్టిఫికెట్‌లో ఇంకోటి. పది నెలల తేడా. పోటీల్లో వయసు వర్గాలు 8–11, 12–15, 16–21, 22–29, 30 పైన. ఆ పది నెలలతో ఆమె 12–15లో పడుతుందో, 16–21లో పడుతుందో తేలాలి. మీసేవకు నాలుగుసార్లు, మున్సిపాలిటీకి రెండుసార్లు తిరిగింది తల్లి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కావడం ఆ కుటుంబానికి ఎంత ఊరటో నేను చూశాను. తల్లీకూతుళ్లు వారానికి మూడు రోజులు గ్రౌండ్‌కు రాగలిగింది కూడా దానివల్లే.

తండ్రి

2024 సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచింది. 55.82 సెకన్లు. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబెలో 55.07తో ప్రపంచ రికార్డు పెట్టింది. మా వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి. చిన్నప్పుడు ఊళ్లో ఆమెను, ఆమె తల్లిదండ్రులను ఎన్నెన్ని మాటలన్నారో తర్వాత పేపర్లన్నీ రాశాయి.

ఆ వారం పాప తండ్రి మొదటిసారి గ్రౌండ్‌కు వచ్చాడు. మార్కెట్ నుంచి నేరుగా, భుజం మీద తువ్వాలతో. గోడ పక్కన నిలబడి గంటసేపు చూశాడు. పోయేముందు అడిగాడు. “మేడం, మన పాప గూడ అట్ల అయితదా?”

ఆశ పెట్టడం తేలిక. నేను ఉన్నది చెప్పాను. టీ20 అనేది మేధో వైకల్యం ఉన్న అత్యున్నత స్థాయి క్రీడాకారుల పోటీ, అర్హత సమయాలు దాటాలి, అందులో డౌన్ సిండ్రోమ్ వాళ్లకు వేరే విభాగం లేదు. స్పెషల్ ఒలింపిక్స్ దారి వేరు. అక్కడ ఎంత వచ్చినా, ఎంత రాకపోయినా ఆడొచ్చు, తనలాంటి వాళ్లతోనే పోటీ. “పాప పారిస్ పోదు అన్నా. హైదరాబాద్ పోతది” అన్నాను. కాసేపు ఆలోచించి, “హైదరాబాద్ జాలు” అన్నాడు.

హైదరాబాద్ ప్రయాణం

రాష్ట్ర స్థాయి పోటీలకు రెండు రాత్రులు బయట ఉండాలి. 2025 జనవరిలో వెళ్లాం. దానికి తయారవడం అక్టోబర్‌లో మొదలుపెట్టాం.

తల్లికి అన్నిటికన్నా పెద్ద దిగులు నెలసరి. అప్పటిదాకా ఆ నాలుగు రోజులు పాపను ఇంట్లోంచి కదలనిచ్చేది కాదు, ప్యాడ్ తనే మార్చేది. మేం నేర్పాం. లోదుస్తు మీద ప్యాడ్ ఎక్కడ పెట్టాలో స్కెచ్ పెన్నుతో గీతలు గీశాం, ఐదు బొమ్మల వరుస బాత్రూం తలుపుకు అతికించాం, క్యాలెండర్ మీద ఎర్ర స్టిక్కర్ తనే అంటించేది. మూడు నెలసరులు పట్టింది. మూడోసారి వాడిన ప్యాడ్ కాగితంలో చుట్టి డబ్బాలో వేసి, చేతులు కడుక్కొని, బయటికొచ్చి తలుపు వేసింది. పతకం రాకపోయినా ఈ ఒక్కటి చాలు ఆ ఇంటికి. నేను పెద్దమాట అనడం లేదు, రేపు తల్లి లేనినాడు ఈ పనే ఆ అమ్మాయిని కాపాడుతుంది.

రాత్రి బయట పడుకోవడం చిన్నమ్మ ఇంట్లో సాధన చేయించాం. మొదటి రాత్రి పదకొండింటికి తిరిగొచ్చేసింది, రెండోసారి తెల్లారేదాకా ఉంది. బస్సు, గది, మంచం, కోర్టు, మళ్లీ ఇల్లు, ఈ వరుసలో ఫొటోల పుస్తకం చేశాం. ఈసారి చప్పుడు కూడా మర్చిపోలేదు. బడిలో సౌండ్ బాక్సు అద్దెకు తెచ్చి, మైకులో పేర్లు పిలుస్తూ మూడు శనివారాలు ఆడించాం. ప్రయాణంలో నలుగురు క్రీడాకారులకు ఒక పెద్దమనిషి చొప్పున, ఆడపిల్లలకు ఆడవాళ్లే.

అక్కడ ముందు డివిజనింగ్ జరుగుతుంది. బోచీలో 30, 40, 50 అడుగుల దగ్గర చిన్న బంతి పెట్టి ఒక్కో దూరానికి ఎనిమిదేసి బంతులు వేయిస్తారు, దగ్గరగా వచ్చిన మూడింటి దూరం సెంటీమీటర్లలో కొలుస్తారు. వయసు, ఆడ మగ, సామర్థ్యం చూసి దగ్గర దగ్గరగా ఉన్నవాళ్లను ఒక డివిజన్‌లో వేస్తారు. మూడు నుంచి ఎనిమిది మంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కావాలని తక్కువ చేయించి కింది డివిజన్‌లో పతకం కొట్టించే ఆలోచన కొందరికి వస్తుంది. అది నిబంధనలకు విరుద్ధం, పిల్లకు ద్రోహం. తనకు వచ్చినంతా వేయమని ఏడాది నేర్పి, ఆ రోజు తక్కువ వేయమంటే ఆమె మన నుంచి నేర్చుకునేది ఏమిటి?

ఆమె డివిజన్‌లో నలుగురు. మొదటి మ్యాచ్‌లో మైకు మోగింది, పాప నా వైపు చూసింది, నేను కుర్చీ చూపించాను, కూర్చుంది. అవతలి అమ్మాయి మూడు బంతులు వరసగా వేసేదాకా కూర్చునే ఉంది. చేతులు తొడల కింద పెట్టుకొని ఆపుకుంటూ కూర్చుంది. రెఫరీ ఆమె రంగు చూపించగానే లేచింది. ఒక మ్యాచ్ గెలిచింది, రెండు ఓడింది. మూడో స్థానం. పతకం మెడలో వేస్తుంటే వేసిన మనిషి మెడలోనే తిరిగి వేయబోయింది.

ఇప్పుడు

అమ్మాయికి 18 నిండాయి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద తల్లిదండ్రులు సంరక్షకులుగా నమోదు కావడానికి కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టించాం. ఇకమీదట సమ్మతి పత్రాలకు అది కావాలి. నిరామయ ఆరోగ్య బీమా కూడా చేయించాం, ఏడాదికి లక్ష రూపాయల దాకా. గ్రౌండ్ రిజిస్టర్‌లో ‘పాప’ అని ఉన్నచోట ఆమె పూర్తి పేరు రాశాను. హాజరు పిలిచేటప్పుడు అదే పేరుతో పిలుస్తున్నాం, చెయ్యెత్తుతుంది.

ఎడమ చెవి పరీక్ష మళ్లీ వచ్చే నెలలో. 30, 40 అడుగులు బాగానే వేస్తోంది. 50 అడుగుల దగ్గర బంతి ఇంకా ఐదారడుగుల ముందే ఆగిపోతోంది. భుజం బలానికి రబ్బరు బ్యాండుతో రోజూ రెండు విడతలు, పది పది చొప్పున చేయిస్తున్నాం. లెక్క తమ్ముడు పెడుతున్నాడు. వాడు ఎనిమిది దగ్గర పది అంటే ఆమె ఒప్పుకోవడం లేదట.